ఎంసీఏ ప్లాంట్‌లో చేరబోతున్నాను, పుస్తకంలో లేనిది చెప్పండి

విభాగం: చదువు, ఉద్యోగాలు › కెమిస్ట్రీ

కందుకూరు_కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. బీఎస్సీ కెమిస్ట్రీ అయి రెండేళ్లయింది. ఇన్నాళ్లూ రొయ్యల మేత గోడౌన్‌లో లెక్కలు రాశాను. ఇప్పుడు గుజరాత్‌లో మోనోక్లోరో ఎసిటిక్ యాసిడ్ (ఎంసీఏ) తీసే కంపెనీలో ట్రైనీ కెమిస్ట్‌గా రమ్మన్నారు. వచ్చే నెల మొదటి వారంలో చేరాలి.

నా పుస్తకంలో దీని గురించి ఒకటే వాక్యం ఉంది. ఎసిటిక్ యాసిడ్‌లోకి ఎర్ర భాస్వరం సమక్షంలో క్లోరిన్ పంపితే వస్తుందని. ఇంటర్వ్యూలో అదే చెప్పాను. "మేము భాస్వరం వాడం, మరి ఏం వాడతామో చెప్పు" అన్నారు. చెప్పలేకపోయాను. అయినా తీసుకున్నారు.

మా అమ్మ ఒకటే అడుగుతోంది, "అది ప్రమాదమైన యాసిడా నాయనా?" అని. కాదమ్మా, వెనిగర్ లాంటిదే అన్నాను. అలా అన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది, తెలియకుండా మాట ఇచ్చానేమో అని. ప్లాంట్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి.

ఒంగోలు_మాస్టారు | ఆదివారం, రాత్రి 10:05

బాబూ, ముందు ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం. పరిశ్రమలో ఎక్కువగా వాడేది ఎసిటిక్ అన్‌హైడ్రైడ్. అది ఏం చేస్తుందో అర్థమైతే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

ఎసిటిక్ యాసిడ్ క్లోరిన్‌తో నేరుగా త్వరగా కలవదు. అన్‌హైడ్రైడ్ వేస్తే అక్కడున్న హైడ్రోజన్ క్లోరైడ్ (హెచ్‌సీఎల్) గ్యాస్‌తో కలిసి ఎసిటైల్ క్లోరైడ్ అవుతుంది. ఈ ఎసిటైల్ క్లోరైడ్ సులువుగా ఈనాల్ రూపానికి (కర్బనాల మధ్య జంట బంధం ఉన్న రూపం) మారుతుంది, క్లోరిన్ పట్టుకునేది ఆ ఈనాల్‌నే. అప్పుడు పుట్టిన క్లోరోఎసిటైల్ క్లోరైడ్ పక్కనున్న ఎసిటిక్ యాసిడ్‌తో ఇచ్చిపుచ్చుకుంటుంది. తాను ఎంసీఏగా మారి, దాన్ని మళ్లీ ఎసిటైల్ క్లోరైడ్ చేస్తుంది. అందుకే కొద్దిగా వేసిన అన్‌హైడ్రైడ్ బ్యాచ్ మొత్తానికీ సరిపోతుంది. నీ పుస్తకంలోని ఎర్ర భాస్వరం చేసేదీ ఇదే పని, యాసిడ్ క్లోరైడ్‌ను పుట్టించడం. దారి వేరు, అంతే.

ఇంకొకటి గుర్తుంచుకో. నీళ్లుంటే ఎసిటైల్ క్లోరైడ్ బతకదు. కాబట్టి ప్లాంట్‌కు వచ్చే ఎసిటిక్ యాసిడ్‌లో తేమ ఎంతో చూడటం నీ మొదటి పనుల్లో ఒకటి అవుతుంది. బహుశా ట్యాంకర్ నుంచి తీసిన శాంపిల్ నీ చేతికే ఇస్తారు.

నైట్‌షిఫ్ట్_నెల్లూరు | ఆదివారం, రాత్రి 11:48

నేను ఈ ప్లాంట్లలో పంతొమ్మిదేళ్లు ఆపరేటర్‌గా చేశాను. ఇప్పుడు నెల్లూరులోనే ఉంటున్నా. తమ్ముడూ, మాస్టారు చెప్పింది రియాక్షన్ ఎట్టా మొదలవుతుందనేది. నేను చెప్పేది ఎక్కడ ఆపాలనేది. ఈ పనిలో కష్టమంతా ఆపడంలోనే ఉంది.

గ్లాస్ లైన్డ్ రియాక్టర్‌లో ఎసిటిక్, అన్‌హైడ్రైడ్ వేసి వేడి చేస్తారు. తొంభై డిగ్రీల ప్రాంతంలో పెట్టి, కింద దాకా దిగే పైపు గుండా క్లోరిన్ వదులుతారు. రియాక్షన్ తానే వేడి పుట్టిస్తుంది. కాబట్టి మొదట ఆవిరి ఇచ్చిన జాకెట్‌కే (రియాక్టర్ చుట్టూ ఉండే తొడుగు) తర్వాత చల్లనీళ్లు ఇవ్వాలి. పైకొచ్చే గ్యాస్ కండెన్సర్ గుండా పోతుంది. ఎసిటైల్ క్లోరైడ్ 51 డిగ్రీలకే మరిగిపోయే సరుకు. కండెన్సర్ చల్లగా లేకపోతే అది గ్యాస్‌తో పాటే వెళ్లిపోతుంది, బ్యాచ్ నడక పడిపోతుంది. నాకు తెలిసిన సగం నెమ్మది బ్యాచ్‌లకు కారణం చిల్లర్ దగ్గరే దొరికింది.

సైట్ గ్లాస్‌లో గ్యాస్ రంగు చూడటం నేర్చుకో. హెచ్‌సీఎల్‌కు రంగు లేదు. అందులో లేత పసుపుపచ్చ తేలిందంటే క్లోరిన్ కలవకుండా దాటిపోతోందని అర్థం. ఆ రంగు నీకు ఇంకెవరూ నేర్పలేరు, టార్చి వేసి రోజూ చూస్తే కంటికే పట్టుబడుతుంది.

ఇక ఆపడం సంగతి. క్లోరిన్‌కు ఒక హైడ్రోజన్ తీసి ఊరుకోవాలని తెలియదు. ఎసిటిక్ ఇంకా మిగిలి ఉండగానే కొంత ఎంసీఏ రెండో క్లోరిన్ పట్టుకుని డైక్లోరో అయిపోతుంది. ఎసిటిక్ మొత్తం ఖర్చయిపోవాలని చివరిదాకా లాగావంటే డైక్లోరో పెరుగుతుంది. ముందే ఆపావంటే ఎసిటిక్ మిగులుతుంది.

సింహపురి_ఎమ్మెస్సీ | సోమవారం, ఉదయం 7:30

డైక్లోరో వస్తే వచ్చింది, డిస్టిల్ చేసి వేరు చేయొచ్చు కదా అన్నా? అంత భయం దేనికి?

పినాకిని_ప్రాసెస్ | సోమవారం, ఉదయం 8:15

చేయలేం తమ్ముడూ. ఎంసీఏ 189 డిగ్రీలకు మరుగుతుంది, డైక్లోరో 194కు. అయిదు డిగ్రీల తేడాతో, అంత వేడిలో, అంత తినేసే ద్రవాన్ని కాలమ్‌లో వేరుచేయడం గిట్టుబాటు కాదు. ఎసిటిక్ యాసిడ్ 118కే మరుగుతుంది కాబట్టి దాన్ని మాత్రం తీసేయొచ్చు.

కానీ గడ్డకట్టే చోట తేడా చాలా ఉంది. ఎంసీఏ 63 దగ్గర గడ్డకడుతుంది, డైక్లోరో పదమూడు దగ్గర. అందుకే క్రిస్టలైజర్‌లో నెమ్మదిగా చల్లార్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎంసీఏ గింజ (స్ఫటికం) నిలుస్తుంది, డైక్లోరో మదర్ లిక్కర్‌లోకి, అంటే గింజ తీశాక మిగిలే ద్రవంలోకి పోతుంది. మదర్ లిక్కర్‌ను తిప్పి తిప్పి వాడితే డైక్లోరో అందులోనే పేరుకుంటుంది, ఎక్కడో ఒకచోట తీసి పారేయాలి. ఆ పారబోత ఎటు పోతోందన్నదే ఆ ప్లాంట్ మంచీ చెడ్డా చెప్పేస్తుంది.

కొత్త పద్ధతిలో పెల్లేడియం క్యాటలిస్ట్ మీద హైడ్రోజన్ పంపి డైక్లోరోలో ఒక క్లోరిన్‌ను ఊడగొట్టి మళ్లీ ఎంసీఏ చేస్తారు. క్యాటలిస్ట్ ఖరీదు, హైడ్రోజన్ జాగ్రత్త వేరే సంగతి. కానీ పారబోసేది చాలా తగ్గుతుంది. నువ్వు చేరే చోట ఏది ఉందో మొదటి వారంలోనే కనుక్కో.

ఇంకో దారి కూడా ఉండేది. ట్రైక్లోరోఎథిలీన్‌ను 75 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో 130-140 డిగ్రీల దగ్గర జలవిశ్లేషణ చేయడం. అందులో డైక్లోరో బెడద ఉండదు, సరుకు శుభ్రంగా వస్తుంది. కానీ ముడిసరుకు ఖరీదు, పైగా ఒక్క అణువుకు రెండు హెచ్‌సీఎల్‌లు. ఎసిటిక్ దారే నిలబడింది.

హెచ్‌సీఎల్ మాట వచ్చింది కాబట్టి లెక్క చూపిస్తాను, ఇది నీకు రోజూ పనికొస్తుంది. 60 కిలోల ఎసిటిక్, 71 కిలోల క్లోరిన్ కలిస్తే 94.5 కిలోల ఎంసీఏ, 36.5 కిలోల హెచ్‌సీఎల్. అంటే ఒక టన్ను ఎంసీఏకు లెక్క ప్రకారం 635 కిలోల ఎసిటిక్, 751 కిలోల క్లోరిన్ కావాలి. 386 కిలోల హెచ్‌సీఎల్ వస్తుంది. దాన్ని నీళ్లలో పట్టి 30 శాతం యాసిడ్ చేస్తే దాదాపు 1.3 టన్నులు. తీసే సరుకు కన్నా పక్కన వచ్చేదే బరువు ఎక్కువ! అది అమ్ముడుపోని రోజున ట్యాంకులు నిండిపోయి ప్లాంట్ ఆపాల్సి వస్తుంది. వాడిన క్లోరిన్‌లో సగమే సరుకులోకి వెళ్తుంది, మిగతా సగం హెచ్‌సీఎల్‌గా బయటికి వస్తుంది. ఈ సంగతి మర్చిపోయి కట్టిన ప్లాంట్లు కష్టాల్లో పడ్డాయి.

ఒంగోలు_మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 1:20

పినాకిని గారు చెప్పిన లెక్కలోనే ల్యాబ్ పద్ధతి కూడా ఉంది. పాత రోజుల్లో ల్యాబ్‌లో ఎప్పుడు ఆపాలో తక్కెడే చెప్పేది. ఒక హైడ్రోజన్ పోయి ఒక క్లోరిన్ చేరితే 34.5 పెరుగుతుంది. 60 గ్రాముల ఎసిటిక్ యాసిడ్ తీసుకుంటే, ఫ్లాస్క్ బరువు 34.5 గ్రాములు పెరగ్గానే ఆపేయాలి.

నేను పనిచేసిన కాలేజీలో చాలా ఏళ్ల కిందట ఒకసారి చేశాం. ఎర్ర భాస్వరం వేసి, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టాం, ఎండలో క్లోరినేషన్ వేగంగా జరుగుతుందని. మధ్యలో ప్రిన్సిపాల్ పిలిచారు, వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గంట దాటింది. బరువు యాభైకి పైగా పెరిగింది. ఎసిటిక్‌ను తరిమేసి, 185 దాటాక వచ్చింది పట్టి చల్లార్చాం. గడ్డకట్టలేదు. ఐసులో పెట్టినా చిక్కబడిందే తప్ప గింజ పడలేదు. ఆ ఫ్లాస్క్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. డైక్లోరో ఎంత కలిసిందో అది చెప్పకనే చెప్పింది.

ఆరోజు ఇంకో తప్పు కూడా చేశాం. ఫ్యూమ్ హుడ్ ఫ్యాన్ సరిగా లేదని తెలిసీ మొదలుపెట్టాం. ఇద్దరు పిల్లలకు రాత్రంతా దగ్గు. ఆ తర్వాత నేను మళ్లీ ఆ ప్రయోగం పెట్టలేదు. ఇక్కడ చదివే లెక్చరర్లకు నా విన్నపం: క్లోరిన్ గ్యాస్‌తో పని మంచి హుడ్ లేని ల్యాబ్‌లో వద్దు. బదులుగా ఎసిటిక్, మోనో, డై, ట్రై నాలుగింటి పీకేఏలను (ఆమ్ల బలం చెప్పే అంకెలు, ఎంత తక్కువైతే అంత బలం) బోర్డు మీద రాయండి: 4.76, 2.87, 1.3, 0.7. ఒక్క క్లోరిన్‌తో ఆమ్లం బలం సుమారు ఎనభై రెట్లు పెరిగిందని పిల్లలే లెక్కగట్టాలి. ఎందుకని వాళ్లే అడుగుతారు.

ఎండ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 1839లో ఫ్రెంచ్ రసాయనవేత్త డ్యూమా క్లోరిన్‌ను, ఎసిటిక్ యాసిడ్‌ను ఎండలో పెట్టి ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్ చేశాడు. మూడు హైడ్రోజన్లు పోయి మూడు క్లోరిన్లు వచ్చినా అది ఇంకా ఆమ్లంగానే ఉంది. ధన విద్యుత్తు గల హైడ్రోజన్ స్థానంలో రుణ విద్యుత్తు గల క్లోరిన్ ఎలా కూర్చుంటుందని స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ ఒప్పుకోలేదు. కర్బన రసాయనం దారి మళ్లిన వాదాల్లో అదొకటి. మోనోక్లోరోను 1843లో లెబ్లాంక్ అశుద్ధంగా చూశాడు, 1857లో హాఫ్‌మన్ ఎండలోనే చేశాడు. నువ్వు చేరే ప్లాంట్‌కు అంత చరిత్ర ఉంది బాబూ.

బుచ్చి_రైతు | సోమవారం, సాయంత్రం 6:40

నాది బుచ్చిరెడ్డిపాళెం, వరి రైతును. కెమిస్ట్రీ తెలియదు. ఇదంతా చివరికి ఎందులోకి పోతుంది?

పినాకిని_ప్రాసెస్ | సోమవారం, రాత్రి 7:55

మీ పొలంలోకే అన్నా. వరిలో తుంగకు, వెడల్పాకు కలుపుకు కొట్టే 2,4-డి ఉంది కదా, అది డైక్లోరోఫినాల్, ఎంసీఏ కలిపి చేసేదే. టూత్‌పేస్టు జారిపోకుండా పట్టి ఉంచే సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) కూడా దీంతోనే. పత్తి, కలప గుజ్జులోని సెల్యులోజ్‌ను కాస్టిక్‌లో నానబెట్టి ఎంసీఏ కలుపుతారు. షాంపూల్లో నురుగు ఇచ్చే బీటైన్లు, అమ్మోనియాతో కలిపి తీసే గ్లైసిన్ ఇవన్నీ దీని పిల్లలే.

బుచ్చి_రైతు | సోమవారం, రాత్రి 8:20

2,4-డి అంటే తెలుసు. ఒకసారి గాలి ఎక్కువున్న పొద్దున కొట్టాను. పక్క మడిలో మా బావమరిది టమాటా ఆకులన్నీ మెలికలు తిరిగి ముడుచుకుపోయాయి. ఆ పంట పోయింది. ఆ ఏడాది మా ఇంటికి వాళ్లు పండక్కి రాలేదు. గాలి చూడకుండా ఎవరూ కొట్టొద్దని చెప్పడానికే రాస్తున్నా.

ఒంగోలు_మాస్టారు | సోమవారం, రాత్రి 9:30

ఈ యాసిడ్‌కు మన జిల్లాతో ఇంకో పాత లెక్క ఉంది, అది చెప్పకుండా ఉండలేను. నెల్లూరు, కడప, కర్నూలు వైపు ఒకప్పుడు నీలిమందు విస్తారంగా పండించేవారు. ఆకు తెచ్చి తొట్లలో నానబెట్టి, ఆ నీటిని కర్రలతో చిలికితే అడుగున నీలి మడ్డి దిగేది.

1897లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని మార్కెట్లోకి దించింది. అంతకు ముందు 1890లో హాయ్‌మన్ అనే రసాయనవేత్త చూపిన దారి అది. అందులో ఆంథ్రనిలిక్ యాసిడ్‌తో కలిసేది మన క్లోరో ఎసిటిక్ యాసిడే. నీలి అణువులోకి రెండు కర్బనాలను మోసుకొచ్చేది అదే. ఆ తర్వాత కొన్నేళ్లలోనే మన నీలి సాగు కుప్పకూలింది. ఊరి చివర పాడుబడ్డ నీలి తొట్లు చూసినప్పుడల్లా నాకు ఈ రియాక్షన్ గుర్తొస్తుంది.

కావలి_ల్యాబ్ | మంగళవారం, ఉదయం 10:10

నేను రొయ్యల ఎగుమతి ల్యాబ్‌లో పనిచేస్తాను. మాకు దీని అన్న ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్ (టీసీఏ)తో రోజూ పని. రొయ్య మాంసాన్ని టీసీఏ ద్రావణంతో మిక్సీలో తిప్పితే మాంసకృత్తులన్నీ పాలు విరిగినట్టు తెల్లగా విడిపోతాయి. వడగట్టాక తేటలో ఉండే అమైన్లను కొలిస్తే సరుకు ఎంత తాజాగా ఉందో తెలుస్తుంది. వానాకాలంలో సీసా మూత సరిగా పెట్టకపోతే తెల్లారేసరికి టీసీఏ గింజలు తడిసి పాకంలా అయిపోతాయి. తేమను అంతగా లాగుతుంది.

తమ్ముడూ, ఒకటి అడగాలి. టీసీఏ వేలికి తగిలితే వెంటనే మండుతుంది, చర్మం తెల్లబారుతుంది. ఎంసీఏ కూడా అంతేనా? బలం ఇంకా తక్కువ కదా, ప్రమాదమూ తక్కువే అయి ఉండాలి.

నైట్‌షిఫ్ట్_నెల్లూరు | మంగళవారం, రాత్రి 11:30

అమ్మా, మీరు అడిగింది చాలా ముఖ్యమైన ప్రశ్న. అట్టా అనుకోబట్టే మనుషులు పోతున్నారు. తమ్ముడూ, నువ్వు ఇంకేదీ చదవకపోయినా ఇది మాత్రం చదువు.

పదిహేనేళ్ల కిందటి మాట. ఏ కంపెనీ అనేది వద్దు. కరిగిన ఎంసీఏ పోయే లైను రాత్రిపూట గడ్డకట్టింది. లైను గడ్డకట్టకుండా వేడిగా ఉంచే ట్రేసింగ్ ఆవిరి ఆగిపోయింది, ఎవరూ చూడలేదు. ఒక హెల్పర్, ఇరవై రెండేళ్ల పిల్లాడు, ఫ్లాంజ్ (పైపుల జాయింటు) వదులు చేసి ఆవిరి గొట్టంతో వేడి చేశాడు. లోపల కరిగి ఒక్కసారిగా కొట్టింది. తొడ మీద, మోకాలి దాకా పడింది. మంట పెద్దగా లేదన్నాడు. బకెట్‌తో నీళ్లు పోసుకుని అదే ప్యాంటుతో మళ్లీ పనిలోకి వచ్చాడు. ప్యాంటు గుడ్డ తాగిన యాసిడ్ తొడకు అంటుకునే ఉంది.

రెండు గంటలకు వాంతులు మొదలయ్యాయి. ఏదో తిన్నది పడలేదనుకున్నాం. ఇంకాసేపటికి మాటలు తడబడ్డాయి, మనిషి మనిషిలా లేడు. అప్పుడు నాకు తట్టింది. ఆసుపత్రిలో ఐసీయూలో పెట్టి, కిడ్నీలు మొరాయిస్తే డయాలసిస్ చేశారు. బతికాడు. ఇప్పటికీ దీపావళికి ఫోన్ చేస్తాడు.

ఎంసీఏ కాల్చడంతో ఆగదు. చర్మం గుండా లోపలికి ఇంకిపోయి ఒంట్లో కణాలు శక్తి తయారు చేసుకునే దారినే మూసేస్తుంది. ఒంట్లో 6 శాతం చర్మం మీద పడినా ప్రాణం పోయే ప్రమాదం ఉంది. వేళ్లతో సహా నీ అరచెయ్యి సుమారు ఒక శాతం. ఆరు అరచేతులంత మేర, అంతే! దీనికి ఇదీ విరుగుడు అని స్థిరపడిన మందు లేదు.

కాబట్టి పడిన క్షణమే షవర్ కింద నిలబడి, బట్టలన్నీ అక్కడే విప్పెయ్యాలి. సిగ్గుపడే సమయం కాదది. నీళ్లు ఆపకుండా పోయాలి. నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి, ఏం పడిందో డాక్టర్‌కు కాగితం మీద రాసి ఇవ్వాలి. వాంతులు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

క్లోరిన్ వేరే శత్రువు. పసుపు రంగు టన్నర్‌లో (పెద్ద సిలిండర్) 900 కిలోలు ఉంటుంది. లీకు అనుమానం వస్తే అమ్మోనియాలో ముంచిన దూది చూపిస్తే తెల్లటి పొగ వస్తుంది. కానీ క్లోరిన్ వాసనతో తనే చెప్పి వస్తుంది. ఎంసీఏ చెప్పదు.

కందుకూరు_కుర్రాడు | బుధవారం, ఉదయం 6:15

అన్నా, మీరు రాసింది రాత్రి మూడుసార్లు చదివాను. అమ్మకు వెనిగర్ లాంటిదని చెప్పడం తప్పని తెలిసింది. పొద్దున్నే కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, ఆరు అరచేతుల లెక్కతో సహా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ నీళ్ల షవర్ ఎక్కడుందో ముందు చూసుకో" అంది.

నైట్‌షిఫ్ట్_నెల్లూరు | బుధవారం, ఉదయం 6:50

మీ అమ్మ సరిగ్గా చెప్పింది. చూసుకోవడం కాదు, తాడు లాగి చూడు. నీళ్లు రాని షవర్లు నేను చూశాను. నువ్వు నిలబడే చోటు నుంచి షవర్‌కు ఎన్ని అడుగులో కళ్లు మూసుకుని నడిచి లెక్కపెట్టుకో.

సింహపురి_ఎమ్మెస్సీ | బుధవారం, ఉదయం 9:00

మాస్టారూ, ఒక సందేహం. ఎంసీఏ ద్రవీభవన స్థానం ఒక పుస్తకంలో 63 అని, ఇంకో దాంట్లో 56 అని, మరో చోట 50 అని ఉంది. ఏది సరైనది?

ఒంగోలు_మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 12:40

మూడూ సరైనవే. స్ఫటికం ఆల్ఫా, బీటా, గామా రూపాల్లో కట్టొచ్చు. ఆల్ఫా 63 దగ్గర కరుగుతుంది, అదే నిలకడైనది. మిగతా రెండూ తాత్కాలికం. గింజ వేయకుండా చల్లార్చితే తక్కువ దగ్గర గడ్డకట్టి మోసం చేయొచ్చు. అందుకని సెట్టింగ్ పాయింట్ (గడ్డకట్టే ఉష్ణోగ్రత) చూసేటప్పుడు మంచి ఆల్ఫా గింజ ఒకటి వేయాలి. కుర్రాడా, ఇది నీకే ఎక్కువ పనికొస్తుంది. అందులో ఎసిటిక్ మిగిలినా, డైక్లోరో ఎక్కువైనా సెట్టింగ్ పాయింట్ దిగిపోతుంది.

కందుకూరు_కుర్రాడు | ఆరు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:20

అందరికీ మళ్లీ నమస్కారం. చేరి మూడు వారాలైంది. మొదటి రోజే షవర్ తాడు లాగాను. నీళ్లు వచ్చాయి. రియాక్టర్ శాంపిల్ పాయింట్ నుంచి పద్నాలుగు అడుగులు. ఫ్లేకర్ (కరిగిన సరుకును రేకులుగా గడ్డకట్టించే యంత్రం) దగ్గరిది మాత్రం సన్నగా వచ్చింది, షిఫ్ట్ ఇంచార్జికి చెబితే రెండు రోజుల్లో వాల్వ్ మార్చారు.

నిన్న మొదటిసారి ఫినిష్డ్ సరుకు సెట్టింగ్ పాయింట్ నా ఒక్కడి చేతికే ఇచ్చారు. ట్యూబ్‌లో కరిగిన ఎంసీఏ నీళ్లలా తేటగా ఉంది. మెల్లగా కలుపుతూ థర్మామీటర్ చూస్తున్నా. అరవై దాటి కిందికి దిగింది, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది, ఇంకా తేటగానే ఉంది. మాస్టారు చెప్పింది గుర్తొచ్చి చిన్న గింజ వేశాను. దాని చుట్టూ తెల్లటి సూదులు మొలిచి ట్యూబ్ అంతా పాకాయి. పాదరసం వెనక్కి తిరిగి పైకెక్కి 61.4 దగ్గర నిలబడింది. రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాను.

నైట్‌షిఫ్ట్ అన్నా, ఒకటి అడగాలి. రాత్రి ట్రేసింగ్ లైన్ వేడిని మీరు ఎన్ని గంటలకోసారి చూసేవారు? ఇక్కడ షిఫ్ట్‌కు ఒక్కసారే చూస్తున్నారు.

నైట్‌షిఫ్ట్_నెల్లూరు | ఆదివారం, రాత్రి 11:55

గంటకోసారి. రాసి, సంతకం పెట్టి. రేపే మీ ఇంచార్జితో మాట్లాడు, కావాలంటే నాకు ఫోన్ కలుపు.